పొలిమేర రాయి దగ్గర విప్పిన బూట్లు

డిటెక్టివ్ సుబ్బరాయన్ నెత్తిన ఆకుపచ్చ టోపీ ఉంది, మెడలో ఈల ఉంది, చేతిలో గ్లూకోజు నీళ్ళ చెంబు ఉంది. లేనిదల్లా ఓపిక.

“వాలంటీరంటే ఏమనుకుంటివి?” అని తన ముందున్న బక్కెటను నిలదీశాడు. నిలదీయడానికి చుట్టుపక్కల మరో ప్రాణి లేదు మరి. “వాళ్ళంతా టీ తాగేసి పోయినారు. నాకు మిగిలింది ‘రు’ ఒకటే!”

ఈ పాపమంతా పంచవర్ణానిది. కేసులు లేక ఇంట్లో కూర్చుని కాఫీ మీద కాఫీ అడిగే మొగుణ్ణి చూసి విసిగిపోయి, సాహస సంఘం వాళ్ళ కొండ పందెంలో తన పేరుతోపాటు ఆయన పేరు కూడా రాయించింది. పైగా తనకు నీడ, ఆయనకు ఎండ. కింద చింతతోపులో జెండా ఊపి ఈల ఊదే పని ఆమెది. ఆ పనికి ఆమెను మించినవాళ్ళు జిల్లాలో లేరు. పెళ్ళినాడు పురోహితుడు ముహూర్తాన్ని రెండు నిమిషాలు జరపబోతే పీటల మీదనుంచే గదమాయించిన మనిషి. పంచవర్ణం పదకొండంటే పదకొండే. ముందూ లేదు, వెనకా లేదు.

పందెం పద్ధతి సులువే. పాపారపట్టిలో తెల్లవారుతూనే బయలుదేరినవాళ్ళు కొండదారిన పరుగెత్తి నాలుగు మజిలీలు దాటాలి. మజిలీకొక రంగు దారం మణికట్టుకు కడతారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. నాలుగూ ఉన్నవాడు చింతతోపు చేరి తన సైకిలు పక్కన నిలబడాలి. పదకొండుకు జెండా దిగగానే అందరూ ఒక్కసారిగా ఘాటు రోడ్డున ఏటికి దిగి, అక్కడ ఏరు దాటించే పుట్టి ఎక్కాలి. నాలుగో మజిలీ సుబ్బరాయన్‌ది. వచ్చినవాడి చేతికల్లా ఆకుపచ్చ దారం కట్టి, గొంతులో గ్లూకోజు పోసి, “కానీ, కానీ” అని తరుముతూ వచ్చాడు. పందెగాళ్ళందరూ పోయారు, ఒక్క సిద్ధరాజ్ తప్ప. పాలకోడు చక్కెర మిల్లులో పనిచేసే ఈ కుర్రాడు మూడో మజిలీని అందరికంటే ముందు దాటాడు. అందరికంటే వెనక కూడా రాలేదు.

మామూలుగా మనిషి మాయమైతే అదొక కేసు. డిటెక్టివ్ కాపలా ఉన్న దారిలోనే మాయమైతే అది పరుగు పందెం కాదు, పరువు పందెం. పైన పొలిమేర రాయి పక్కన పోలీసు జీపు ఆగడం చూసి సుబ్బరాయన్ బక్కెటను దాని ఖర్మకు వదిలి పైకి నడిచాడు.

“రండి రండి, డిటెక్టివ్ సార్! నీళ్ళు తెచ్చినారా?” అన్నాడు ఎస్సై సెంగోడన్. ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వారు.

“తెచ్చినా. నీ బుర్ర మీద పోస్తే ఏమైనా మొలుస్తుందేమోనని.”

సెంగోడన్ పేరులోనే గోడ ఉంది. ఆయనతో మాట్లాడటం కూడా అట్లాగే ఉంటుంది. పోయిన ఏడు టమాటా లారీ కేసులో సుబ్బరాయన్ చెప్పిందే నిజమై కూర్చుంది. అప్పుడు సెంగోడన్ మొహానికి ఎక్కిన టమాటా రంగు ఇంకా పూర్తిగా దిగలేదు.

జీపు వెనక కడ్డీకి బేడీ వేసి ఒక యువకుణ్ణి కట్టేశారు. మూడో మజిలీ వాలంటీరు కరుప్పుసామి. రాయికి అవతల కనిపించే కొల్లపట్టి వాడి ఊరు. పొలాల్లో కూలిపని చేసుకుంటాడు.

“కేసు అయిపోయింది,” అన్నాడు సెంగోడన్. “పొద్దున పాపారపట్టిలో వీడు సిద్ధరాజ్‌తో ‘మా ఊరు ఎట్లా దాటుతావో చూస్తా’ అని అరిచినాడు. వందమంది విన్నారు. ఇప్పుడు నేను వచ్చేసరికి వంగి ఆ బూట్లు ఎత్తబోతా ఉన్నాడు. దాచడానికే కదా? పదకొండుకు జీపు కదుల్తుంది. సాయంత్రానికి వీడు లోపల. కొట్టి చంపినాడా, లోయలోకి తోసినాడా అనేది వాడే చెప్తాడు, నేను చెప్పిస్తా.”

“పందెం ఆపించినావా మరి?”

“ఎందుకు ఆపాల? మా తమ్ముడు చిన్నసామి ఉన్నాడు అందులో. సిద్ధరాజ్ లేడంటే గెలిచేది వాడే.”

“అట్లా చెప్పు. నువ్వు ఎస్సైవి కదా, అన్నిటికీ సై!”

“నేను మీటింగులోనే చెప్పినాను,” అంటూ జీపు నీడలోంచి ఒక మనిషి ముందుకు వచ్చాడు. సాహస సంఘం కార్యదర్శి రాఘవన్. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. కార్యం ఎవరు చేసినా దర్శనం మాత్రం ఈయనే ఇస్తాడు. “ఈ పందెం వద్దు, ఘాటు రోడ్డులో సైకిళ్ళు అసలే వద్దు, ప్రాణాలు పోతాయి అని మొత్తుకున్నా. చేతులెత్తి ఓటేసి నన్ను కూర్చోబెట్టినారు. నవ్వినారు కూడా! ఇప్పుడు చూడండి.”

“కార్యదర్శివి. ఆపెయ్యి.”

“నేనెందుకు ఆపాలి? ఓటేసినవాళ్ళు వాళ్ళు. జరగనీ.” రాఘవన్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

“ఏమి రాఘవన్, ఇస్త్రీ రుమాలు లేకుండా ఇంటి గడప దాటని మనిషివి. చొక్కాతో తుడుచుకుంటా ఉండావే?”

“మరిచిపోయినా.”

“తెల్ల ప్యాంటు మోకాలికి ఆ నల్ల దిష్టిచుక్క ఎవరు పెట్టినారు?”

“మోపెడ్ ఎక్కుతుంటే అంటింది. మనిషి పోయినాడంటే నా ప్యాంటు గురించి అడుగుతారేమి సార్!” రాఘవన్ విసురుగా పక్కకు పోయి తన మోపెడ్ మీద కూర్చున్నాడు.

సుబ్బరాయన్ రాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కాన్వాసు బూట్లు. రెండూ పక్కపక్కన, పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ లాగా ఒద్దికగా ఉన్నాయి. లేసులు చివరిదాకా విప్పి ఉన్నాయి. మేజోళ్ళు మడిచి లోపల పెట్టి ఉన్నాయి. బూట్ల ముక్కులు పందెం దారి వైపు లేవు. ఊరి వైపు తిరిగి ఉన్నాయి.

“జోడు చూసినావు గానీ జాడ చూడలేదయ్యా సెంగోడన్. కొట్టి ఈడ్చుకుపోయేవాడు లేసులు విప్పుతాడా? మేజోళ్ళు మడత పెడతాడా? ఇవి ఎవరో లాగేసిన బూట్లు కావు. భక్తిగా విప్పినవి. విప్పినవాడు ముందుకు పోలేదు, వెనక్కి తిరిగినాడు.”

“బూట్లు చూసి జాతకం చెప్తారా?”

“నువ్వు మొహం చూసి నేరం చెప్తా ఉండావు కదా. నాది కొంచెం నయం.” సుబ్బరాయన్ లేచి జీపు వెనక్కి పోయాడు. “ఏమి నాయనా కరుప్పు, ‘ఎట్లా దాటుతావో చూస్తా’ అన్నావంట?”

“ఎగతాళికి అన్నా సార్. కబడ్డీలో వాడూ నేనూ ఎప్పుడూ అట్లానే అనుకుంటాము.”

“సరే. నీ మజిలీలో ఏ దారం కట్టినావు?”

“పసుపుది సార్.”

“రాఘవన్ మనకు ఇచ్చింది నైలాను. ఎండలో తళతళమంటుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళ చేతులకు ఉండింది నూలు. ఆకుపచ్చది కట్టి కట్టి నా వేళ్ళు ఎట్లా అయినాయో చూడు.” సుబ్బరాయన్ తన వేళ్ళను వాడి ముక్కు కింద పెట్టాడు. “పసుపు వాసన. రంగు కాదు, కొమ్ము నూరిన పసుపు. నైలాను దారం ఏమైంది?”

కరుప్పుసామి మొహం వాడిపోయింది. “మేక తినేసింది సార్.”

కానిస్టేబుళ్ళు పగలబడి నవ్వారు. సెంగోడన్ కూడా నవ్వాడు. “రాసుకోండయ్యా! ఒకటో సాక్షి, మేక!”

“తిన్నాక?” సుబ్బరాయన్ నవ్వలేదు. “ఆ నూలు ఎవరు తెచ్చినారు? ఎవరు కట్టినారు?”

“నేనే. అంతా నేనే సార్.” కరుప్పుసామి ఎస్సై వైపు తిరిగాడు. “అయ్యా, నన్ను తీసుకపోండి. కోర్టుకే తీసుకపోండి.”

“విన్నారా? ఒప్పుకున్నాడు!”

“ఒప్పుకోలేదయ్యా గోడా! తప్పు చేసినవాడు వదలమని కాళ్ళు పట్టుకుంటాడు. తీసుకపొమ్మని బతిమాలేవాడు ఇంకెవరికో అడ్డం నిలబడినాడు. దారం దొరికింది, ఇంక ఆధారం దొరకడమే తరువాయి. జీపు కదిలేలోపల వస్తా.”

“పదకొండు! ఆ తర్వాత ఆగను.”

“నువ్వూ నా పెళ్ళామూ ఒకే గడియారం మింగినారు!” అని అరుస్తూ సుబ్బరాయన్ ఊళ్ళోకి దిగాడు.

కొల్లపట్టి మారియమ్మ గుడి ఒక పెంకుటింటి వసారా అంత ఉంటుంది. మెట్టు పక్కన ఒక మేక తీరిగ్గా నెమరువేస్తోంది. దాని గడ్డం పక్కనుంచి పసుప్పచ్చ నైలాను పోగు ఒకటి వేలాడుతోంది. “నిన్ను కోర్టుకు పిలిస్తే బాగుండు,” అన్నాడు సుబ్బరాయన్, “ఇక్కడ నిజం చెప్పేదానివి నువ్వొక్కదానివే ఉన్నట్టున్నావు.” గుడి వెనక ఉత్సవ సామాను పెట్టే కొట్టు ఉంది. తలుపు పాతది, తాళం కొత్తది.

గుడి అరుగు మీద కన్నియమ్మ కూర్చుని ఉంది. కరుప్పుసామి తల్లి, ఆ గుడికి పూజారిణి. చేతులు మోచేతి దాకా పసుపు.

“అమ్మా, మీ ఊరి పండగ ఎప్పుడు?”

“వచ్చే మంగళవారం కాప్పు, అదే అమ్మవారి పసుపు కంకణం, కడతాము సామీ.”

“వచ్చే మంగళవారం కట్టే కాప్పుకు ఈ పొద్దే చేతులు పండినాయే?”

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

సుబ్బరాయన్‌కు చిరాకు నెత్తికెక్కింది గానీ ఆ మొహం చూసి గొంతు తగ్గించాడు. “అమ్మా, మీ కరుప్పు చేతికి కూడా కాప్పు పడింది. నూలుది కాదు, ఇనుపది. సిద్ధరాజ్‌ను చంపినాడని జీపుకు కట్టేసినారు. వాడు నోరు తెరవడు. నన్ను తీసుకపోండి అంటా ఉండాడు.”

“ఎవరినీ చంపలేదు సామీ! నా బిడ్డ చీమను కూడా...” కన్నియమ్మ లేవబోయి మళ్ళీ కూలబడింది. “నాలాంటి దాని కడుపున పుట్టినందుకు వాడికి ఈ గతి! మేక దారం తినె. వాళ్ళేమో దుమ్ము రేపుకుంటా గుంపుగా వచ్చిరి. ‘అమ్మా దారం, దారం’ అని వీడు అరిచె. అమ్మవారి పాదాల కాడ పెట్టిన నూలు ఉండింది. దాన్నే తుంచి తుంచి కట్టినా. ఊరికే కడదామనే అనుకున్నా సామీ. పుట్టి బుద్ధి తెలిసినప్పటినుంచీ కాప్పు కట్టిన చెయ్యి ఇది. చెయ్యి ముడి వేస్తా ఉంటే నోరు ఊరుకుంటుందా? ‘తల్లీ, కాపాడు’ అనేసింది. ప్రతివాడికీ అనేసింది.”

సుబ్బరాయన్ అరుగు మీద పక్కనే కూర్చుండిపోయాడు. ఆ సీమలో పుట్టినవాడికి మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మవారి పేరు చెప్పి కాప్పు కట్టించుకున్నవాడు, పండగ ముగిసి దాన్ని విప్పేదాకా కాలికి చెప్పు తొడగడు, పొలిమేర దాటడు. బయటి ఊళ్ళ పందెగాళ్ళకు అది వట్టి దారం. నవ్వుకుంటూ దాటిపోయారు.

“సిద్ధరాజ్ ఈ ఊరి బిడ్డే కదా?”

“ఈడ పుట్టినోడే. మిల్లు పనికని పాలకోడులో ఉండాడు. నేను వాడి మొహం కూడా చూడలా, చెయ్యి చూసి కట్టేసినా. పొలిమేర రాయి కాడికి పోయినాక వాడికి పసుపు వాసన తగిలెనంట. చాలాసేపు ఆడనే పొద చాటున కూర్చుని, వట్టి కాళ్ళతో తిరిగి వచ్చె. సామీ, అమ్మవారి కాప్పు ఇంతమంది చేతుల్లో పొలిమేర దాటిపోయిందని తెలిస్తే ఊరు నన్ను మళ్ళీ ఈ మెట్టు ఎక్కనిస్తుందా? అందుకే వాణ్ణి కొట్టులో పెట్టి తాళం వేసినా. బూట్లు తెచ్చెయ్యమని కరుప్పును పంపినా.”

“తాళం తియ్యండమ్మా. మెట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు కొడుకు.”

ఆమె కొంగు ముడి విప్పి, తాళంచెవితో తాళం తీసింది.

పండగ డప్పుల మధ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్న సిద్ధరాజ్ వెలుతురుకు కళ్ళు చిట్లించాడు. “మా తాత కాప్పుతో పొలిమేర దాటినాడంట సార్. ఆ ఏడు ఊళ్ళో అమ్మవారు పోసి పిల్లలు పోయినారు. ఈ పొద్దుకి కూడా మమ్మల్ని ‘దాటినోళ్ళ ఇల్లు’ అంటారు. నేనూ దాటితే మా అమ్మ ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేదు.”

“దాటొద్దు. రాయి దాకా వస్తే చాలు.”

కన్నియమ్మ కూడా వాళ్ళ వెనకే వచ్చింది. పొలిమేర రాయి దగ్గర అప్పటికే ఊరి ఆడవాళ్ళు కొందరు జీపు చుట్టూ మూగారు. సుబ్బరాయన్ గట్టిగా దగ్గాడు.

“ఇదిగోనయ్యా సెంగోడన్, నీ శవం! నడుస్తుంది, మాట్లాడుతుంది, ఆకలి కూడా వేస్తా ఉందంట!”

సెంగోడన్ సిద్ధరాజ్‌ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. టమాటా రంగు మళ్ళీ వచ్చింది. “ఏమిరా ఇది? ఎక్కడ చచ్చినావు?”

“కాలు పట్టేసింది,” అన్నాడు సుబ్బరాయన్, ఊరి ఆడవాళ్ళ వైపు చూడకుండా. “పడుకుని లేచినాడు. బేడీ తీయించు.”

కరుప్పుసామి తల్లిని చూశాడు. తల్లి కళ్ళు దించుకుంది. బేడీ ఊడింది. సుబ్బరాయన్ చెంబులో అడుగున మిగిలిన గ్లూకోజు నీళ్ళు తానే తాగి, “మీ కార్యదర్శి ఏడీ, దర్శనం లేదే?” అన్నాడు.

“జెండా ఊపే చోటికి పోయినాడు. మోపెడ్ మీద.”

రాయి దగ్గర నిలబడితే చింతతోపు సరిగ్గా కాళ్ళ కిందే కనిపిస్తుంది. బండి దారి మాత్రం గుట్ట చుట్టూ తిరిగి పోతుంది. తోపులో సైకిళ్ళు వరసగా ఉన్నాయి. పక్కన చీమల్లాగా పందెగాళ్ళు, వాళ్ళ ముందు ఎర్రచీర కట్టిన పంచవర్ణం. సిద్ధరాజ్ ఆ సైకిళ్ళకేసి చూసి నిట్టూర్చాడు.

“నా సైకిలు కూడా ఉంది సార్ అందులో. ఈడ కూర్చుని దాన్నే చూస్తా ఏడ్చినా. అప్పటికి తోపులో ఇంకెవరూ లేరు. పాపం, ఆ మెకానిక్ ఒక్కడే దాన్ని కూడా బాగుచేస్తా ఉండె.”

“ఏ మెకానిక్?”

“మన వాలంటీరు టోపీ పెట్టుకున్నాడే. ఒక్కొక్క సైకిలు కాడా మోకాలి మీద కూర్చునేది, చక్రం పక్కన ఏదో విప్పేది, ముక్కలు రుమాల్లో వేసుకునేది. బ్రేకు రబ్బర్లు మారుస్తా ఉండాడేమో అనుకున్నా. తెల్ల ప్యాంటు వేసుకుని ఈ పని ఎవరు చేస్తారబ్బా అని కూడా అనుకున్నా.”

సుబ్బరాయన్ చేతిలోని చెంబు జారి రాయికి తగిలి మోగింది.

పందెంలో మెకానిక్ లేడు. నిన్న సాయంత్రం ప్రతి సైకిలు బ్రేకూ లాగి చూసి వరసలో పెట్టింది తనే. తెల్ల ప్యాంటు. మోకాలి మీద నల్ల మరక. లేని రుమాలు. ‘ప్రాణాలు పోతాయి అని మొత్తుకున్నా. నవ్వినారు కూడా. జరగనీ.’

“ఆ మనిషి,” అన్నాడు సుబ్బరాయన్, “తన మాట నిజమని చూపించడానికి... సెంగోడన్! ఆ సైకిళ్ళకు బ్రేకుల్లేవు. మీ తమ్ముడు ఘాటు రోడ్డు దిగబోతా ఉండాడు!”

సెంగోడన్ జీపులోకి దూకి తాళంచెవి తిప్పాడు. ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది. సుబ్బరాయన్ మెడలోని ఈల నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం పెనం తగిలినట్టు తీసేశాడు. ఈల వినబడితే పందెం మొదలైందనే అనుకుంటారు!

“జీపు చుట్టూ తిరిగి పోయేసరికి ఆలస్యమైపోతుంది సార్,” అన్నాడు సిద్ధరాజ్. “నేరుగా దిగితే నేను అందుకుంటా. కానీ...” మణికట్టు చూసుకున్నాడు. పసుపు దారం. ఒక్క అడుగు అవతల పొలిమేర.

ఊరి ఆడవాళ్ళ చూపులన్నీ ఆ మణికట్టు మీద పడ్డాయి. అప్పుడే చూశారు వాళ్ళు ఆ పసుపు నూలును.

కన్నియమ్మ ముందుకు వచ్చింది. వాడి చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తుండగా ముడిని పళ్ళతో కొరికి తెంపింది.

“కాలం కాని కాలంలో కట్టింది నేను. తెంపింది నేను. అడిగేదేమన్నా ఉంటే అమ్మవారు నన్నే అడగనీ, ఊరు కూడా నన్నే అడగనీ.” తెగిన దారాన్ని పిడికిట్లో బిగించుకుంది. “పో నాయనా!”

సిద్ధరాజ్ బూట్ల వైపు చూడనైనా చూడలేదు. వట్టి కాళ్ళతో రాయి దాటి వాలు మీదికి దూకాడు. వెనకే జీపు కూడా మేలుకుని గుట్ట చుట్టూ దుమ్ము లేపుకుంటూ పోయింది. సుబ్బరాయన్ రాయిని పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు రాళ్ళ మీదుగా, పొదల మీదుగా, మేకపిల్ల లాగా దిగుతున్నాడు. సగం దిగాడు. అందుకుంటాడు. పంచవర్ణం సంగతి తనకు తెలుసు. పదకొండు కాకుండా ఆమె చేతిలో జెండా కదలదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆ గడియారం పిచ్చికి ఆయన మనసులోనే దండం పెట్టాడు.

తోపులో ఎర్రచీర పక్కకు ఒక తెల్ల ప్యాంటు వచ్చి నిలబడింది. అందరూ సైకిళ్ళకేసి చూస్తుంటే అది మాత్రం తలెత్తి కొండకేసి చూసింది. కొండ దిగివస్తున్న మనిషిని చూసింది. తర్వాత చెయ్యి చాపి పంచవర్ణం చేతిలోని జెండాను లాక్కుంది.

జెండా దిగింది. సైకిళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి.

సుబ్బరాయన్ గడియారం చూసుకున్నాడు. పదకొండుకు ఇంకా మూడు నిమిషాలుంది.